జీపు పుట్టిన ఊరి మీదుగా డేటన్ దాకా

బుధవారం, స్ప్రింగ్‌ఫీల్డ్

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీకి టికెట్ లేదు. మసాచుసెట్స్‌లోని ఈ పాత తుపాకుల ఫ్యాక్టరీ ఇప్పుడు ఒక కమ్యూనిటీ కాలేజీ ఆవరణలో ఉంది. బ్యాగులు తగిలించుకుని తిరిగే కుర్రాళ్ల మధ్య నుంచి కారు పోనిచ్చి, ఎర్ర ఇటుకల పొడవాటి భవనం దగ్గర ఆపాం. నాతో వచ్చింది మా బాబాయ్. సికింద్రాబాద్ ఈఎంఈలో ట్రైనింగ్ అయి, ఆర్మీ బళ్లు బాగుచేస్తూ సర్వీసంతా గడిపి రిటైరైన మనిషి. కూతుర్ని చూడ్డానికి కనెక్టికట్ వచ్చి, ఏమీ తోచక ఇంట్లో కుళాయిలన్నీ విప్పి బిగిస్తున్నాడు. నయాగరా చూపిస్తానంటే "నీళ్లేగా" అన్నాడు. జీపు పుట్టిన ఊరికి తీసుకెళ్తానంటే ఆ రాత్రే బట్టలు సర్దుకున్నాడు.

స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా 1777లో ఇక్కడ ఆయుధాల గిడ్డంగి పెట్టారు. 1787 జనవరిలో అప్పులు, పన్నుల బాధ పడలేని రైతులు డేనియల్ షేస్ వెంట వచ్చి ఆ గిడ్డంగి మీదే పడబోయారు. ఫిరంగులు పేల్చి వాళ్లను చెదరగొట్టారు. 1794లో, వాషింగ్టన్ హయాంలో, ఇది ప్రభుత్వ తుపాకుల కర్మాగారమైంది. 1968లో మూసేసేదాకా అమెరికా సిపాయి చేతిలోని తుపాకీ చాలావరకు ఇక్కడ తయారైందో, ఇక్కడ ఖాయం చేసిన నమూనా ప్రకారం తయారైందో అయి ఉండేది. ఇదే పేరుతో ఇప్పుడు తుపాకులు అమ్మే ప్రైవేటు కంపెనీ ఒకటుంది. దానికీ దీనికీ పేరు ఒక్కటే ఉమ్మడి.

లోపలికి వెళ్లినవాళ్లంతా ఫోటో తీసుకునేది అంతర్యుద్ధం నాటి మస్కెట్ తుపాకుల స్టాండుని. నిలువెత్తు వరసల్లో, గొట్టాలన్నీ పైకి చూస్తూ, గిడ్డంగిలో అప్పట్లో ఎలా పేర్చేవారో అలాగే ఉంచారు. బాబాయ్ దాన్ని ఓ చూపు చూసి, ఒక చెక్క చట్రం దగ్గర ఆగిపోయాడు. అక్కణ్ణుంచి కదిలించడానికి నాకు చాలాసేపు పట్టింది.

థామస్ బ్లాంచర్డ్ 1819లో కనిపెట్టిన లేత్ అది. తుపాకీలో భుజానికి ఆన్చే కొయ్య భాగం ఓ చోట లావు, ఓ చోట సన్నం, మధ్యలో వంపు. మామూలు లేత్ గుండ్రంగా తప్ప చెక్కదు కాబట్టి, ఆ పని వడ్రంగులు ఉలితో, చిత్రికతో గంటల తరబడి చేసేవారు. బ్లాంచర్డ్ ఒక వైపు ఇనుప నమూనాని, ఇంకో వైపు చెక్క దిమ్మని బిగించి, రెండిటినీ ఒకే వేగంతో తిప్పాడు. నమూనాని ఒరుసుకుంటూ ఓ నున్నటి చక్రం, దిమ్మని తాకుతూ కత్తులున్న చక్రం. నమూనాలో పల్లం వస్తే నున్నటి చక్రం లోపలికి జారుతుంది. దాంతోపాటే కత్తుల చక్రమూ లోపలికి జరిగి అక్కడ ఎక్కువ చెక్కుతుంది. ఎత్తు వస్తే రెండూ వెనక్కి తగ్గుతాయి.

"ఇది తాళం చెవి డూప్లికేట్ కోసేవాడి మిషనేరా" అన్నాడు బాబాయ్. సూత్రం సరిగ్గా అదే.

చేతిపని తగ్గితే వచ్చే లాభం వేగం ఒక్కటే కాదు. పాతకాలంలో ఒక మస్కెట్ గుర్రం (ట్రిగ్గర్ నొక్కగానే పడే సుత్తి) విరిగితే, ఇంకో మస్కెట్ గుర్రం తెచ్చి పెడితే సరిపోయేది కాదు. ప్రతి ముక్కనీ ఆకురాయితో రాసి దేనికి దాన్ని కుదిర్చేవారు మరి. ఏ తుపాకీ ముక్కైనా ఏ తుపాకీకైనా పట్టాలని అమెరికా ఆయుధ శాఖ పట్టుబట్టింది. అందుకోసం కొలత పరికరాలు, తనిఖీలు, మిషన్లు, వాటన్నిటికీ దశాబ్దాల పాటు ప్రభుత్వ డబ్బు. 1842 మోడల్ మస్కెట్ వచ్చేసరికి అది సాధ్యమైంది. ఆ విద్య నేర్చిన మేస్త్రీలు ఇక్కణ్ణుంచి వెళ్లి కుట్టుమిషన్లూ గడియారాలూ సైకిళ్లూ అదే పద్ధతిలో చేశారు. కొత్త ఆయుధాన్ని కనిపెట్టడంలో అమెరికా అందరికంటే ముందుందని నేను అనుకోను. అచ్చం ఒకేలాంటివి లక్షల్లో చేయడంలో మాత్రం దానికి సాటి లేదు. ఈ ప్రయాణంలో తర్వాత చూసినవన్నీ నాకు ఆ కంటితోనే కనిపించాయి.

దానికి సాక్ష్యం పక్క అద్దాల పెట్టెలోనే ఉంది. 1903 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ జర్మన్ల మౌజర్‌కి ఎంత దగ్గరి పోలికంటే, పేటెంట్ల కింద మౌజర్ కంపెనీకి అమెరికా ప్రభుత్వం 2 లక్షల డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది.

ఇక గరాండ్. కెనడాలో పుట్టిన జాన్ గరాండ్ 1919లో ఇక్కడ ఉద్యోగంలో చేరి, 1953లో రిటైరయ్యేదాకా ఇక్కడే ఉన్నాడు. బోల్టు లాగే పని లేకుండా, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తనంతట తానే తర్వాతి తూటా ఎక్కించుకునే రైఫిల్ కోసం ఏళ్ల తరబడి పనిచేశాడు. పోటీలో సన్నటి .276 తూటా వైపు మొగ్గు కనబడుతుండగా, 1932లో సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ అడ్డం తిరిగాడు. గిడ్డంగుల నిండా .30 తూటాలుండగా కొత్త సైజు ఎందుకన్నాడు. గరాండ్ రైఫిల్‌ని పాత తూటాకే తయారుచేశారు. 1936లో సైన్యం ఎం1 పేరుతో దాన్ని తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిగతా దేశాల సిపాయిల్లో ఎక్కువమంది ఇంకా బోల్టు లాగుతుంటే, అమెరికా సిపాయి వరసగా ఎనిమిది తూటాలు పేల్చేవాడు. ఎనిమిదోది పేలగానే ఖాళీ క్లిప్ 'టింగ్' మని పైకి ఎగిరిపడుతుంది. ఆ చప్పుడు విని శత్రువు మీదపడేవాడని ఓ కథ చెబుతారు. ఫిరంగుల మోతలో ఆ టింగు ఎవడికి వినబడుతుందో నాకైతే అర్థం కాదు.

ఎన్‌సీసీ రోజుల్లో త్రీనాట్‌త్రీ బోల్టు లాగి లాగి వేళ్లు వాచిన జ్ఞాపకం బాబాయ్‌కి ఇంకా ఉంది. "ఈయనకి బాగానే ముట్టుంటుంది" అన్నాడు. ముట్టలేదు. ప్రభుత్వోద్యోగి కాబట్టి రాయల్టీ లేదు. లక్ష డాలర్లు బహుమతిగా ఇద్దామని కాంగ్రెస్‌లో బిల్లు పెడితే అదీ నెగ్గలేదు. లక్షల సంఖ్యలో తయారైన రైఫిల్ మీద ఆయనకి మిగిలింది జీతమూ పేరూ.

ఆ తర్వాత వచ్చిన ఎం14 ఎన్నాళ్లో నిలవలేదు. వియత్నాంలో యూజీన్ స్టోనర్ నమూనా ఎం16 వచ్చింది. తూటాలో మందు రకం మార్చి, లోపల క్రోమ్ పూత లేకుండా, శుభ్రం చేసుకునే సామాను కూడా సరిగ్గా ఇవ్వకుండా సిపాయిల చేతికి ఇచ్చారు. యుద్ధం మధ్యలో జామ్ అయ్యేది. 1967లో కాంగ్రెస్ కమిటీ విచారణ జరిపి చీవాట్లు పెట్టింది. ఆ గొడవలు తేలుతుండగానే రక్షణ మంత్రి మెక్‌నమారా ఈ ఫ్యాక్టరీకి తాళం వేయించాడు.

గురువారం, దారి పొడవునా

రోజంతా డ్రైవింగే. పెన్సిల్వేనియా కొండల్లో చెప్పుకోదగ్గదేం లేదు, వాన తప్ప.

దారిలో ఘాజీ ప్రస్తావన వచ్చింది. మాది విశాఖ. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి మా తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి వినకుండా మా ఇంట్లో ఎవరూ పెరగలేదు. దాని అసలు పేరు డయాబ్లో అని, 1944లో అమెరికావాళ్ల పోర్ట్స్‌మత్ నేవీ యార్డులో నీళ్లలోకి దించారని చెబితే బాబాయ్ కాసేపు వైపర్ల వంక చూస్తూ ఉండిపోయాడు. జపాన్ మీదకని కట్టారు. అది పసిఫిక్ చేరేసరికి యుద్ధం అయిపోవచ్చింది. 1960లలో పాకిస్తాన్‌కి అద్దెకిచ్చారు. అలా తిరిగి తిరిగి మా బీచ్ ముందుకొచ్చి మునిగింది. మనవాళ్లు ముంచారా, దాని మందుపాతరే దాన్ని పేల్చిందా అన్న దానిమీద రెండు దేశాలకీ ఇప్పటికీ ఒక మాట లేదు.

"అద్దెకి జలాంతర్గామి కూడా ఇస్తారా?" అన్నాడు బాబాయ్. ఆయుధాలు చేసే దేశానికి పాతవాటిని వదిలించుకోవడం కూడా ఒక వ్యాపారమే, ఒక రాజకీయమే.

సాయంత్రానికి పిట్స్‌బర్గ్ శివారులోని పెన్ హిల్స్ చేరాం. 1970లలో మనవాళ్లు కట్టుకున్న వేంకటేశ్వర స్వామి గుడి కొండవాలు మీద తెల్లగా ఉంటుంది. అమెరికాలో తెలుగువాళ్లకి ఈ గుడి పులిహోర గురించి చెప్పక్కర్లేదు. రెండు ప్లేట్లు తిన్నాక బాబాయ్ మొహంలో ప్రయాణపు అలసట పోయింది.

శుక్రవారం, పిట్స్‌బర్గ్, బట్లర్, టొలీడో

పొద్దున్నే హైంజ్ హిస్టరీ సెంటర్. ఇక్కడ 1940 నాటి బాంటమ్ ఉంది. ఇప్పటికి మిగిలిన అతి పాత జీపుల్లో ఒకటి. మనం ఎరిగిన జీపులా బానెట్ బల్లపరుపుగా ఉండదు, ముక్కు గుండ్రంగా ఉంటుంది. చుట్టూ తాడు కట్టకపోతే బాబాయ్ కిందకి దూరేవాడే. మోకాళ్ల మీద కూర్చుని కమాన్ పట్టీలు, ముందు ఇరుసు, గేర్‌బాక్స్ పక్కనున్న పెట్టె, అన్నీ పేరుపేరునా పలకరించాడు.

"చూశావా, దీనికి లైట్లు మడ్‌గార్డుల మీద ఉన్నాయి. తర్వాత వచ్చినవాటికి గ్రిల్ లోపలికి వెళ్లాయి. ఆ లైటుకి మడతబందు ఉండేదిరా. రాత్రిపూట ఇంజిన్ చెడిపోతే బానెట్ ఎత్తి, లైటుని వెనక్కి తిప్పితే వెలుగు ఇంజిన్ మీద పడుతుంది. టార్చి అక్కర్లేదు. అది గీసినవాడు ఎప్పుడో చీకట్లో బండి బాగుచేసి ఉంటాడు."

అక్కణ్ణుంచి బట్లర్ గంట లోపు. చిన్న ఊరు. జీపు ఇక్కడే పుట్టిందని చెప్పే రాష్ట్ర ప్రభుత్వ ఫలకం ఉంది, జూన్‌లో జీపుల జాతర ఒకటి చేస్తారు. మేం వెళ్లిన రోజు జాతరా లేదు, జనమూ లేరు. కానీ కథ మాత్రం ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

1940 వేసవి. ఫ్రాన్స్ పడిపోయింది. గుర్రాల బదులు ముందుకెళ్లి చూసొచ్చే చిన్న బండి కావాలని అమెరికా సైన్యం 135 కంపెనీలకు టెండర్ పంపింది. నాలుగు చక్రాలకూ శక్తి అందాలి, బరువు 1,300 పౌండ్లు దాటకూడదు, నమూనా 49 రోజుల్లో తెచ్చి అప్పగించాలి. బదులిచ్చింది ఇద్దరే. టొలీడో నుంచి విల్లీస్ ఓవర్‌ల్యాండ్, బట్లర్ నుంచి బాంటమ్. బాంటమ్ అప్పటికి దాదాపు దివాలా తీసిన బుల్లి కార్ల కంపెనీ. ఇంజినీర్లు కూడా లేరు. డెట్రాయిట్ నుంచి కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే డిజైనర్ని, డబ్బు గ్యారంటీ లేకుండానే, బతిమాలి పిలిపించుకున్నారు. ఆయన వచ్చి రెండు రోజుల్లో మొత్తం బండి బొమ్మ గీసేశాడు. విల్లీస్ ఆ గడువులో మావల్ల కాదంది. పని బాంటమ్‌కి దక్కింది.

బరువు నియమం మాత్రం ఎవరివల్లా కాని పని. తయారైన బండి 1,800 పౌండ్లు దాటింది. టైమ్ మిగల్లేదు కాబట్టి కొత్త బండిని లారీకెక్కించకుండా రోడ్డు మీదే నడుపుకుంటూ మేరీల్యాండ్‌లోని హోలబర్డ్ క్యాంపుకి బయలుదేరారు. 1940 సెప్టెంబర్ 23. గడువు సాయంత్రం 5 గంటలు. గేటు దాటింది నాలుగున్నరకి.

ఇక్కణ్ణుంచి కథ చేదుగా మారుతుంది. బండి సైన్యానికి నచ్చింది. కానీ బాంటమ్ లక్షల్లో చేయగలదన్న నమ్మకం కుదరలేదు. దాని డ్రాయింగులు విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ చూపించారు. డబ్బు మేం ఇస్తున్నాం కాబట్టి బొమ్మ మాదే అన్నది సైన్యం వాదన. విల్లీస్ ఇంజిన్ 60 హార్స్‌పవర్, బలమైంది. ఫోర్డ్ బానెట్ బల్లపరుపు చేసి లైట్లను గ్రిల్‌లోకి తెచ్చింది. మూడు బళ్లలోని మంచి అంతా కలిసి ఒక బండి అయింది. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డ్ కలిపి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్‌కి రెండు వేల చిల్లర బళ్లు, ఆ తర్వాత జీపు వెనక తగిలించే ట్రైలర్ల ఆర్డరు.

"పెళ్లి కుదిర్చినవాణ్ణి వెనక పంక్తిలో కూర్చోబెట్టారన్నమాట" అన్నాడు బాబాయ్.

నాకూ కోపమే వచ్చింది. అయినా ఒక ప్రశ్న వదలదు. 1942లో ఆ బళ్లు లక్షల్లో కావాల్సి ఉండగా, ఒక్క బట్లర్‌ని నమ్ముకుని కూర్చోగలిగేవారా? సైన్యం చేసింది న్యాయం కాదు. వేరే దారి కూడా నాకు కనబడటం లేదు.

టొలీడో చేరేసరికి పొద్దు వాలుతోంది. విల్లీస్ ఫ్యాక్టరీ కూల్చేశారు. ఇటుకలతో 'ఓవర్‌ల్యాండ్' అని అక్షరాలు పేర్చిన పొగగొట్టం ఒక్కటి మిగిల్చారు. ఊళ్లో ఇంకో చోట జీపులు ఇప్పటికీ తయారవుతున్నాయి. యుద్ధం అయ్యాక జీపుని కనిపెట్టింది మేమేనని విల్లీస్ ప్రకటనలిస్తే, 1948లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అలా చెప్పుకోవద్దంది. రెండేళ్లకి 'జీప్' ట్రేడ్‌మార్కు మాత్రం విల్లీస్‌కే దక్కింది. 1947లోనే ముంబయిలో మహీంద్రావాళ్లు ఈ విల్లీస్ విడిభాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. తహసీల్దారు జీపు, పోలీసు జీపు, ఎన్నికల మైకు జీపు, మన పల్లెల్లో ప్రభుత్వం దుమ్ము రేపుకుంటూ వచ్చిందంటే ఆ వంశంలో బండి ఎక్కే వచ్చేది.

శనివారం, విల్లో రన్, వారెన్

మిషిగన్‌లోని ఇప్సిలాంటి దగ్గర విల్లో రన్. 1941 జనవరిలో ఫోర్డ్ కంపెనీ తయారీ పెద్ద చార్లెస్ సొరెన్‌సెన్ శాన్‌డియాగో వెళ్లి, కన్సాలిడేటెడ్ కంపెనీ బి24 లిబరేటర్ బాంబర్లు ఎలా చేస్తుందో చూశాడు. ఆరుబయట, ఒక్కోదాన్నీ విడిగా, ఎండకి లోహం సాగితే మళ్లీ కొలుచుకుంటూ చేస్తున్నారు. ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని, కారులాగే బాంబర్‌ని కూడా ముక్కలుగా విడగొట్టి లైన్‌లో బిగించే ఫ్యాక్టరీ బొమ్మ గీశాడు. ఆల్బర్ట్ కాన్ కట్టిన ఆ ఫ్యాక్టరీ మైలు పొడవు. ఒక చోట సూటిగా పోకుండా మలుపు తిరుగుతుంది. సూటిగా పోతే పక్క కౌంటీలోకి వెళ్లి ఎక్కువ పన్ను కట్టాలట. అందుకని బిగింపు సగమైన బాంబర్లని పెద్ద తిరుగుడు పళ్లేల మీద పెట్టి 90 డిగ్రీలు తిప్పేవారు.

మొదట్లో అంతా అపహాస్యమే. పనివాళ్లకి ఇళ్లు లేవు, వచ్చినవాళ్లు నిలవలేదు, డిజైన్ వారానికోసారి మారేది, కారు అచ్చులకి అల్యూమినియం లొంగలేదు. 1944కి గానీ దారిన పడలేదు. పడ్డాక 63 నిమిషాలకో బాంబర్ చొప్పున బయటికొచ్చింది. మొత్తం 8,685. పనిచేసినవాళ్లలో స్త్రీలు వేలమంది.

ఇప్పుడక్కడి విమానాల మ్యూజియంలో రివెట్లు కొట్టే పనిముట్టుని చేత్తో పట్టుకోనిచ్చారు. ఇద్దరు కావాలి. ఒకరు బయటి నుంచి కొడితే, ఇంకొకరు రెక్క లోపల ఇరుక్కుని ఇనుప దిమ్మ అడ్డం పెట్టాలి. సన్నగా ఉన్నవాళ్లని లోపలికి పంపేవారు. అసలు ఫ్యాక్టరీలో ఎక్కువ భాగం కూల్చేశారు. ఆ జాగాలో డ్రైవర్ లేని కార్లని పరీక్షిస్తున్నారు.

యుద్ధమయ్యాక కాన్పూర్‌లో ఇంగ్లీషువాళ్లు చితక్కొట్టి వదిలేసిన లిబరేటర్లని మన హెచ్‌ఏఎల్ వాళ్లు బాగుచేసి లేపారు. మన వైమానిక దళం వాటిని 1968 దాకా ఎగరేసింది. అమెరికా మ్యూజియాల్లో ఇవాళ కనిపించే లిబరేటర్లలో కొన్ని అలా మన దగ్గర్నుంచి తెచ్చుకున్నవే. ఇది చెప్పినప్పుడు బాబాయ్ భుజాలు ఓ అంగుళం లేచాయి. బాగుచేయడం ఆయన శాఖ కదా.

మధ్యాహ్నం డెట్రాయిట్ పక్కనున్న వారెన్. అక్కడి డెట్రాయిట్ ఆర్సెనల్ ఇప్పటికీ సైన్యం చేతిలోనే ఉంది, లోపలికి రానివ్వరు. కంచె బయట రోడ్డు మీద నెమ్మదిగా పోతూ చూశాం. 1940లో క్రైస్లర్ కంపెనీని ట్యాంకులు చేయమని అడిగినప్పుడు వాళ్లలో ఎవరూ ట్యాంకుని దగ్గర్నుంచి చూసి ఎరగరు. సెప్టెంబర్‌లో పొలంలో పునాదులు తవ్వితే 1941 ఏప్రిల్‌కి మొదటి ట్యాంకు నడిచింది. గోడలు పూర్తిగా లేవకముందే లోపల పని సాగేది. యుద్ధం ముగిసేలోపు 22 వేలకు పైగా ట్యాంకులు ఈ ఒక్క చోటే చేశారు. షెర్మన్ ట్యాంకుకి సరిపడా పెద్ద ఇంజిన్లు దొరక్కపోతే, ఐదు కారు ఇంజిన్లని ఒకే చట్రానికి బిగించి 30 సిలిండర్ల ఇంజిన్ చేశారు. నేను నవ్వాను. బాబాయ్ నవ్వలేదు. "ముప్పై స్పార్క్ ప్లగ్గులు ఎవడు మార్చాలి?" అన్నాడు.

ప్యాటన్ ట్యాంకుల్లో ఒక రకం ఎం47 కూడా ఇక్కడ తయారైంది. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ చెరకు తోటల్లో పాకిస్తాన్ ప్యాటన్లు బురదలో దిగబడిపోయాయి. హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్‌తో వాటిని ఒక్కొక్కటిగా పేల్చి, తనూ ప్రాణం వదిలి, పరమవీర చక్ర పొందాడు. ప్యాటన్ అమెరికాది, ఆ గన్ను అమెరికా నమూనాది, జీపు నిన్న చూసిన టొలీడో వంశానిది. ఈ మాట బాబాయే అన్నాడు, వారెన్ కంచె పక్కన, కారు అద్దం దించి.

ఆదివారం, లైమా దాటి డేటన్

డెబ్బైఐదో నంబరు హైవే మీద దక్షిణంగా వెళ్తే లైమా వస్తుంది. అబ్రామ్స్ ట్యాంకు తయారయ్యేది ఇక్కడ. 1960లలో జర్మనీతో కలిసి మొదలెట్టిన ఎంబీటీ70 ట్యాంకు ఖర్చు తలకి మించడంతో 1970 ప్రాంతంలో మూలపడింది. తర్వాత పోటీ పెడితే 1976లో క్రైస్లర్ నెగ్గింది. డీజిల్ కాకుండా 1,500 హార్స్‌పవర్ గ్యాస్ టర్బైన్ పెట్టారు. చిన్నది, బలమైంది, ఇంధనం మాత్రం తెగ తాగుతుంది. 1980లో మొదటి ట్యాంకు ఇక్కణ్ణుంచి బయటికొచ్చింది. 1985 నుంచి పెట్టిన 120 ఎంఎం ఫిరంగి జర్మన్ రైన్‌మెటాల్ వాళ్ల నమూనా. మౌజర్ నాటి అలవాటు పోలేదు. మొదట 54 టన్నులున్న ట్యాంకు ఇప్పుడు 66 దాటింది. 2012లో సైన్యమే "ఇక మాకు కొత్తవి వద్దు" అంటే, లైన్ ఆగిపోతే మళ్లీ ఆ పనివాళ్లు దొరకరని కాంగ్రెస్ బలవంతాన డబ్బు ఇచ్చింది. ఆగలేదు, సాగిపోయాం.

డేటన్‌లో అమెరికా వైమానిక దళం మ్యూజియం. ఇదీ ఉచితమే. నాలుగు హ్యాంగర్లు, ఒక్కోదాంట్లో ఒక ఊరు పడుతుంది. మొదట రైట్ సోదరుల 1909 సైనిక విమానం ప్రతిరూపం. 1907 డిసెంబర్‌లో సైన్యం ఇచ్చిన టెండర్‌లో ఇద్దరు మనుషుల్ని మోయాలి, గంటకి 40 మైళ్ల వేగం ఉండాలి అని రాశారు. వచ్చిన దరఖాస్తులు బోలెడు. చివరికి ఎగరేసి చూపించింది డేటన్ సైకిల్ షాపు అన్నదమ్ములే. 1908 పరీక్షలో విమానం కూలి లెఫ్టినెంట్ సెల్ఫ్‌రిడ్జ్ చనిపోయాడు. మరుసటి ఏడు మళ్లీ వచ్చారు. ధర 25 వేల డాలర్లు, వేగం మించినందుకు ఇంకో 5 వేలు. బాంటమ్ కంటే వీళ్ల బేరం మెరుగు.

దానికి కాస్త దూరంలో కెటరింగ్ బగ్. 1918లో ఇదే ఊరి చార్లెస్ కెటరింగ్ చేసిన, మనిషి లేని బుల్లి విమానం. గాలి లెక్క చూసుకుని, లక్ష్యం చేరడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో ముందే లెక్కగట్టి మీటర్‌లో పెడతారు. అన్ని చుట్లు పూర్తవగానే ఇంజిన్ ఆగి, రెక్కల బోల్టులు ఊడి, బాంబుతో సహా కింద పడుతుంది. యుద్ధం ముగిసిపోయి వాడలేదు. ఇదే మ్యూజియంలో ఇంకో చోట ప్రిడేటర్ డ్రోన్ వేలాడుతోంది. దానికి కెమెరా ఉంది, వేల మైళ్ల దూరంలో కుర్చీలో మనిషి ఉన్నాడు. బాబాయ్‌కి బగ్గే నచ్చింది. మీటర్ కట్టి వదలడం ఆయనకి అర్థమయ్యే పని.

నాగసాకి మీద బాంబు వేసిన బాక్స్‌కార్ విమానం అసలుది ఇక్కడే ఉంది. మెరుగుపెట్టిన అల్యూమినియం, పక్కనే లావుపాటి పసుపు బాంబు నమూనా. పిల్లలు దాని ముందు సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఆ విమానం ఎలా తయారైందన్నది రాయడానికి ఇంకో వ్యాసం కావాలి. కింద ఏం జరిగిందో బోర్డు మీద రాసింది నాకు చాలా తక్కువనిపించింది.

ఎక్స్‌బీ70 వాల్కిరీ దగ్గర మెడ నొప్పి పుట్టింది. శబ్దానికి మూడు రెట్ల వేగంతో పోయే తెల్ల బాంబర్, వెనక వరసగా ఆరు ఇంజిన్లు. రెండే చేశారు. క్షిపణులొచ్చాక ఇంత ఎత్తున ఎగిరే బాంబర్ ఎందుకని పథకం కత్తిరించారు. 1966లో రెండోది ఫోటోల కోసం వరసకట్టి ఎగురుతుండగా పక్క విమానం తగిలి కూలిపోయింది. మిగిలిందిదే. రాడార్‌కి చిక్కకుండా చేసిన ఎఫ్117 విమానం మాత్రం దీనికి పూర్తి వ్యతిరేకం. నల్లగా, మూలలు మూలలుగా. రాడార్ తరంగాలు ఏ వైపు చెదురుతాయో అప్పటి కంప్యూటర్లు చదును పలకలకే లెక్కగట్టగలిగేవి కాబట్టి విమానమంతా పలకలే. ఆ లెక్కకి మూలం సోవియట్ శాస్త్రవేత్త ఉఫిమ్‌త్సెవ్ 1962లో రాసిన పరిశోధన.

మూసేవేళ అవుతోందని మైకులో చెబుతున్నారు. బాబాయ్ కనబడలేదు. బి36 బాంబర్ పక్కన దొరికాడు. మొదటి నమూనాకి పెట్టిన టైరు అక్కడ విడిగా ఉంచారు. ఒక్కో వైపు ఒక్కటే చక్రం, ఎత్తు 110 అంగుళాలు, అంటే మా ఇద్దరి తలల మీంచి ఇంకా ఉంది. ఆ బరువంతా ఒక్క చోట మోపితే మోయగల రన్‌వేలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవని తేలాక, నాలుగు చిన్న చక్రాలకి మార్చారు. బాబాయ్ టైరు పక్కన నిలబడి ఫోటో తీయమన్నాడు. తీశాను. గార్డు మా వైపు వస్తున్నాడు.

"పద బాబాయ్, గేటు మూసేస్తున్నారు."

"ఉండరా" అన్నాడు, టైరు చుట్టూ ఓసారి తిరిగొచ్చి. "దీనికి పంక్చరైతే జాకీ ఎక్కడ పెట్టేవాళ్లో అది రాయలేదు."